రెండు చెంచాల చేదు

తలుపు వేసుకున్నారు. వేసుకోబోతూ, మా మందు పరీక్ష ఫలితం తేల్చే లెక్కలావిడ నా వైపు చూసి నవ్వింది గానీ, ఆ నవ్వులో ఏమైనా ఉందేమోనని వెతకడం దండగ, ఆవిడ ప్రింటరు వైపు చూసినా అలాగే నవ్వుతుంది. గోడ గడియారం పదకొండు దాటి రెండు నిమిషాలు. పన్నెండుకల్లా తేలిపోతుందని పెద్ద డాక్టరు పొద్దున చెప్పారు, పంటి ఎక్స్‌రే గురించి చెప్పినంత మామూలుగా. మూడేళ్ళ పని, రెండు వందల నలభై మంది మనుషులు, ఒక్కొక్కరికి రోజుకొకటి చొప్పున పదహారు వారాలు, వెరసి ఇరవై ఏడు వేలకి కాస్త తక్కువగా క్యాప్సూల్స్, అవన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే, తీరా సంగతి తెలిసే గంటలో నన్ను తెచ్చి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. మందు తయారుచేసినవాళ్ళు లెక్క విప్పే గదిలో ఉండకూడదట. ఆ నియమం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి కూడా లేదు. ఎదురుగా మంచినీళ్ళ మిషను ఉండుండి గుటక వేస్తోంది. వరండా చివర లిఫ్టు ఎవరి కోసమో పైకి వెళ్ళింది, మా నాలుగో అంతస్తు దాటేటప్పుడు చిన్నగా గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. తమ్ముడు వింటే ఆ చప్పుడు దేనిదో చెప్పేస్తాడు.

వాడి గురించి ఇప్పుడు అనుకోకూడదని ఇంట్లో బయల్దేరేటప్పుడే గట్టిగా నిర్ణయించుకున్నాను, ఈ బెంచీ మీద రెండు నిమిషాలు కూడా నిలబడలేదు ఆ నిర్ణయం. సరే, లోపల ఏం జరుగుతూ ఉంటుందో అదైనా అనుకుందాం. లెక్కలావిడ ఒక పట్టిక తెరుస్తుంది. అందులో ఒకవైపు మనుషుల నంబర్లు, రెండో వైపు వాళ్ళ సీసాలో ఏముందో. అసలుదా, ఉత్తదా. అసలుదంటే మేము మూడేళ్ళుగా మోస్తున్న మందు, గంజాయి అలవాటు తగ్గించడానికి. ఉత్తదంటే అదే రంగు, అదే బరువు, లోపల పిండి. డబ్బాల్లో ఉన్నంతవరకు ఏది ఏదో నాకు తెలుసు. అవి ఇంకో భవనానికి వెళ్ళి, నేను మొహం కూడా చూడని ఎవరో వాటిని సీసాల్లో నింపి నంబర్లు అంటించాక నాకూ తెలియదు, ఇచ్చే నర్సుకీ తెలియదు, వేసుకునేవాళ్ళకి అసలే తెలియదు. అలా అందరి కళ్ళకీ గంతలు కట్టకపోతే మందు పనిచేసిందో, మన ఆశ పనిచేసిందో తేలదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే ఈ పాఠం చెబుతాను, మంచినీళ్ళు తాగినంత సులువుగా. పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు వందల నలభై మందిలో మనవాడు ఉండడు గదా.

గోళ్ళు కొరికేస్తున్నాను, నా వయసుకి ఇదొకటి. పిల్లలు గోళ్ళు కొరక్కుండా వేళ్ళకి రాసే చేదు మందు ఒకటుంటుంది, ఉత్త క్యాప్సూల్లో నేను కలిపింది అదే, వేలల్లో ఒక వంతు. ఎందుకంటే అసలు మందు పరమ చేదు. మొట్టమొదట చిన్న గుంపు మీద పరీక్షించినప్పుడు జనం తెలివిమీరిపోయి క్యాప్సూల్ కొరికి చూశారు. చేదుగా ఉంటే నాది అసలుది, చప్పగా ఉంటే నాకు టోపీ వేశారు అని తేల్చుకుని, చప్పటివాళ్ళు సగంలోనే రావడం మానేశారు. మొత్తం పరీక్ష బూడిదలో పోసినట్టయింది. పెద్ద డాక్టరు నన్ను పిలిచి, ఉత్తది కూడా చేదుగా ఉండాలమ్మా, ఎవడు కొరికినా తేడా తెలియకూడదు అన్నారు. దానికి పదకొండు వారాలు పట్టింది. అసలు మందు చేదు తీరుబడిగా వస్తుంది, నాలుక దాటి గొంతు మొదట్లోకి వెళ్ళాక. ఈ గోళ్ళ మందు చేదేమో తలుపు తియ్యగానే మీద పడే చుట్టంలాంటిది. దాన్ని కాస్త ఆగి రమ్మనడానికి పిండి మార్చాను, పొడి నలిగే తీరు మార్చాను, రోజుకి ఆరేసి సార్లు నాకి ఉమ్మేసి, అన్నం తింటే అన్నం చేదు, నీళ్ళు తాగితే నీళ్ళు చేదు, కలలో కూడా చేదు. చివరికి ఒక మధ్యాహ్నం రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏది ఏదో నేనే చెప్పలేకపోయినప్పుడు ఎంత గర్వపడ్డానో.

లిఫ్టు దిగుతోంది. మళ్ళీ అదే సవరింపు. వాడు లిఫ్టుల మెకానిక్కు. ఏం చేస్తుంటావు అని ఎవరైనా అడిగితే, నా బతుకంతా పైకీ కిందకీనండీ అని నవ్వించేవాడు, ఆ మాట నిజమయ్యేదాకా. పని అయ్యాక నిద్ర పట్టడానికి గంజాయి సిగరెట్టు ఒకటి తాగేవాడు. తరవాత పనికి వెళ్ళే ముందు ఒకటి. తరవాత కళ్ళు తెరవగానే, మొహం కూడా కడక్కముందే. చుట్టాలకి చెబితే చప్పరించేశారు, సారా కాదు, సూది మందు కాదు, గంజాయే గదా, ఆకే గదా, అది కూడా ఒక జబ్బేనా అన్నారు. నేను కూడా మనసులో అలాగే అనుకున్నాను, అది ఒప్పుకోవాలి. ఒకరోజు లిఫ్టు పైన పెద్ద రెంచి మర్చిపోయి దిగి వచ్చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు, రెంచి జారి బయటి అంచున ఆగింది, లోపల ఆ సమయంలో ఒక ముసలాయన, చంకలో మనవరాలు. పైవాళ్ళు వాడి చేతిలోంచి పనిముట్ల సంచి తీసుకుని ఫోన్లెత్తే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు వాడు మా ఇంటికి వచ్చి వంటింటి గడపలో కూర్చుని, ఆ పాప బూట్లు పసుపు రంగక్కా అన్నాడు.

మానేస్తానన్నాడు, మానేశాడు కూడా, మూడుసార్లు. మూడుసార్లూ తొమ్మిదో రోజో పదో రోజో మళ్ళీ మొదలు. నిద్ర పట్టదు, పడితే కలలు. ఏళ్ళ తరబడి అణిగిపోయిన కలలన్నీ ఒక్కసారి తలుపులు బద్దలు కొట్టుకుని వచ్చినట్టు, ఒక్కో కలలో నలభై అంతస్తులు ఎక్కుతాడట. తిండి సహించదు, చెమటలు, ముక్కు మీద కోపం. మూడోసారి మా ఇంట్లోనే ఉన్నాడు, ఉప్పు ఎక్కువైందని కంచం గోడకేసి కొట్టాడు, నేను ఊరుకోవచ్చుగా. నీకు సిగ్గనేది ఉంటే మానేస్తావు, లేదు కాబట్టే ఇలా ఉన్నావు అన్నాను. ఆవగింజంత తేడా రాకుండా మందు తూచే మనిషిని, పొట్టలో పుండుకి మందుంది, గుండె దడకి మందుంది అని చెప్పే మనిషిని, నా తమ్ముడికి వచ్చేసరికి సిగ్గే మందన్నాను. వాడు వంగి కంచం ముక్కలు ఒక్కొక్కటే ఏరి, వెళ్ళిపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇప్పటికీ నాకు దారి దొరకలేదు. నాలుక మీద చేదయితే కడిగితే పోతుంది.

పదకొండున్నర. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, అంతే. కంచం పగిలిన కొన్నాళ్ళకి తమ్ముడు ఈ పరీక్ష గురించి ఎక్కడో కాగితం చూసి, ఊరికి ఆ చివర ఉన్న క్లినిక్కులో వాడంతట వాడే పేరు రాయించుకున్నాడు. మందు చేసేది మా ఆసుపత్రి అని చేరాక తెలిసింది వాడికి. తెలియగానే నాకు ఫోను. నేను పరుగెత్తి పెద్ద డాక్టరుకి చెప్పాను, ఆయన ఫైల్లో రాసుకుని, ఆ క్లినిక్కు కాగితాలు నీ కంట పడకూడదు, వాడి నంబరు నువ్వు అడగకూడదు, వాడు చెప్పకూడదు అన్నారు. మందు ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పొచ్చా అన్నాను, అది అందరికీ ఇచ్చే కాగితంలో ఉన్నదేగా అన్నారు. మెదడులో గంజాయి వెళ్ళి కూర్చునే చోటుని పూర్తిగా మూసేసే మందులు ముందు ప్రయత్నించారనీ, అవి వేసుకున్నవాళ్ళకి గంజాయి మీదే కాదు, బతుకు మీదే రుచి పోయిందనీ, మాది మొత్తం మూయదనీ, ఆ చోటు నుంచి లోపలికి వెళ్ళే కబుర్లలో ఒకటి రెండింటినే నెమ్మది చేస్తుందనీ వాడికి చెబితే, బ్రేకు కాదన్నమాట, వేగం తగ్గించేది అన్నాడు. మూడేళ్ళలో ఇంత బాగా మా గదిలో ఎవరూ చెప్పలేదు.

రెండో వారంలో ఫోను చేశాడు. అక్కా, కొరికి చూశాను, ఒకటే చేదు, నాకు అసలుదే పడింది అన్నాడు. గొంతులో ఎన్నేళ్ళకో విన్న హుషారు. నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను, ఎదురుగా గోళ్ళ మందు సీసా. రెండూ చేదేరా, ఆ చేదు కలిపిందాన్ని నేనే, దాన్నిబట్టి ఏమీ తెలియదు అని చెప్పాలి, చెప్పకూడదు కూడా, చెబితే పరీక్ష చెడుతుంది, చెప్పకపోతే తమ్ముణ్ణి మోసం చేసినట్టు. అలాగా, మంచిది, నీళ్ళు ఎక్కువ తాగు అన్నాను. అంత మాటకారిని, నాకు దొరికిన మాట నీళ్ళు తాగు. ఆ తొమ్మిదో రోజు దాటాడు, పదో రోజు దాటాడు. ఏడో వారంలో ఒకసారి తప్పాడు, తనే వెళ్ళి నర్సుకి చెప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. పదహారు వారాలు అయ్యాయి, ఆ తరవాత మందు లేకుండానే ఇంకో నాలుగు నెలలు. పనిముట్ల సంచి వాడి చేతికి తిరిగి ఇచ్చారు. అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు, కలలో ఇప్పుడు అంతస్తులు మూడు నాలుగుకి మించి ఉండటం లేదట. నేను మాత్రం వాడు నవ్వినప్పుడల్లా లోపల్లోపల వణుకుతున్నాను.

ఎందుకంటే ఉత్తది పడి ఉంటే? సరిగ్గా సగానికి సగం అవకాశం. అప్పుడు వాణ్ణి ఇన్నాళ్ళు నిలబెట్టింది నా గోళ్ళ మందు, నా పిండి, నా అబద్ధం. పరీక్ష అయిపోయాక ఎవరికి ఏది పడిందో ఉత్తరం రాస్తారు, అడిగినవాళ్ళకి. వాడు అడిగాడు. ఆ ఉత్తరం విప్పి, నాకు పడింది పిండి, రెండూ చేదేనని అక్కకి ముందు నుంచీ తెలుసు అనుకుంటే, ఆ నమ్మకం మీద కట్టుకున్నదంతా ఏమవుతుంది? ఉత్తదే పడినా భయం లేదు, ఫలితం బాగుంటే ఉత్తది పడినవాళ్ళందరికీ అసలుది ఇస్తామని ఒప్పందంలోనే ఉంది. ఫలితం బాగుంటే. బాగుండకపోతే అసలుదే ఉండదు, డబ్బాలు మూసి, గది తాళాలు అప్పగించి, నేను వెళ్ళి మళ్ళీ దగ్గు మందులు కలుపుకోవాలి, వాడి చేతిలో ఒక ఉత్తరం మాత్రం మిగులుతుంది. మిషను గుటక వేసింది. నాకు దాహం వేస్తోందని అప్పుడు తెలిసింది, లేవబుద్ధి కాలేదు.

దగ్గు మందు అంటే గుర్తొస్తోంది, వాడికి అయిదేళ్ళు, నాకు పదకొండు. చలికాలమంతా వాడికి దగ్గు, ఆ మందు పేరు వింటేనే మంచం కింద దూరేవాడు. అక్క తాగితే తాగుతా అనేవాడు. అమ్మ రెండు చెంచాలు తెచ్చేది, వాడిదాంట్లో మందు, నాదాంట్లో పంచదార నీళ్ళు, రెండూ ఒకే రంగు వచ్చేలా నాదాంట్లో ఓ చుక్క టీ. నేను ముందు తాగి మొహం అష్టవంకరలు తిప్పేదాన్ని, నాలుక బయటపెట్టి, కళ్ళు మూసి, ఒళ్ళు జలదరించినట్టు. వాడు నా మొహం చూసి జాలిపడి తనదీ తాగేసేవాడు. ఇలా చాన్నాళ్ళు సాగింది, నాకు పంచదార నీళ్ళు, పైగా మంచి అక్కనన్న పేరు. ఒకరోజు వాడు చటుక్కున నా చెయ్యి పట్టుకుని నా చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఏడవలేదు, అమ్మకి చెప్పలేదు. నన్ను ఓసారి చూసి, తన చెంచా తీసుకుని, మందు మింగేశాడు. ఆ చూపు తట్టుకోలేక మర్నాడు నేనే అమ్మని అడిగాను, నాకూ చేదు పోయమని. అమ్మ పంచదార లేకుండా టీ చిక్కగా మరిగించి పోసేది. చలికాలం అయిపోయేదాకా ఇద్దరం నిజంగానే మొహాలు చిట్లించుకున్నాం. వాడికి అదంతా ఎక్కడ గుర్తుంటుంది, అయిదేళ్ళ పిల్లాడు. నాకు మాత్రం ఉండిపోయింది, నేను ఈ పనిలోకి రావడానికి ఆ చెంచాయే కారణమేమో అని కూడా అప్పుడప్పుడు అనుకుంటాను, మనిషి తన పని గురించి ఏదో ఒక గొప్ప కారణం చెప్పుకోవాలి గదా.

పన్నెండుకి అయిదు. తలుపు గొళ్ళెం కదిలింది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో చెప్పులు సర్దుకున్నాను. ముందు పెద్ద డాక్టరు వచ్చారు, నన్ను దాటుకుని నేరుగా మిషను దగ్గరికి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగారు, రెండోది కూడా తాగారు, గోడ వైపు తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం అద్దాల్నా కళ్ళనా అర్థంకాలేదు. వెనకాలే లెక్కలావిడ, చేతిలో కాగితం. నూట ఇరవైలో నలభై ఒకటి అంది. అసలుది పడినవాళ్ళు నూట ఇరవై మంది, వాళ్ళలో నలభై ఒక్కమందికి చివరి నెలంతా మూత్రపరీక్షలో గంజాయి జాడ లేదు. ఉత్తది పడినవాళ్ళూ నూట ఇరవై, వాళ్ళలో పందొమ్మిది. అని ఊరుకోకుండా, ఇది అదృష్టం మీద పడే తేడా కాదు, మూడు రకాలుగా వేసి చూశాను అంది, అప్పుడు నవ్వింది, ఆ నవ్వు ప్రింటరు వైపు నవ్వే నవ్వు కాదు. నేను మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను. పెద్ద డాక్టరు గ్లాసు పట్టుకుని వచ్చి, ఇంకా పెద్ద పరీక్ష ఉంది, ఇంకా వేల మంది మీద చూడాలి, దీన్ని చూసి ఎగరకండి అన్నారు, అంటూ తనే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. నలభై ఒకటి. మూడింట ఒకరు. మిగతా ఇద్దరి మాట? అదీ చూద్దాం, ముందు ఒకరు లేచారు. ఆ పందొమ్మిది మాత్రం గుచ్చుకుంది, ఉత్త చేదు మింగి లేచి నిలబడ్డ పందొమ్మిది మంది. వాళ్ళకి ఏ అక్క దగ్గు మందు తాగించిందో.

లిఫ్టు గొంతు సవరించుకుని మా అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకుంటే తమ్ముడు, భుజాన పనిముట్ల సంచి, మోకాళ్ళ దగ్గర గ్రీజు. ఇవాళేనని వాడికీ కాగితం వచ్చింది, పక్క వీధిలో పని పడితే మధ్యలో లేచి వచ్చాడట. బయటికి అడుగు పెట్టి, మళ్ళీ లోపలికి వంగి, తలుపు అంచు మీద చెయ్యి పెట్టి విని, బేరింగు అరిగింది, మీ వాళ్ళకి చెప్పు అన్నాడు. ఫలితం సంగతి నా మొహంలోనే కనిపించి ఉంటుంది, ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నాడు. నంబర్లు చెప్పాను. విని, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని, మంచిదే అన్నాడు. నేను ఇంక ఆగలేకపోయాను. పరీక్ష అయిపోయింది, గంతలు విప్పేశారు, ఇప్పుడు చెప్పడానికి ఏ నియమమూ అడ్డు లేదు.

"ఒరేయ్, నీకు ఒకటి చెప్పాలి. ఉత్తది కూడా చేదుగానే ఉంటుంది. ఆ చేదు నేనే కలిపాను. నువ్వు ఫోన్ చేసిన రోజు చెప్పలేకపోయాను."

వాడు సంచి కింద పెట్టాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను, మొహం మాడ్చుకుంటాడనుకున్నాను, కనీసం లేచి కిటికీ దాకా నడుస్తాడనుకున్నాను. గ్రీజు చేతిని ప్యాంటుకి తుడుచుకుంటూ నవ్వాడు.

"నాకు తెలుసక్కా. నీ చెంచా నాకినవాణ్ణి నేను. ఆ తరవాత నువ్వు ఎవరికీ తియ్యటి చెంచా ఇచ్చే మనిషివి కాదు. మాత్ర నువ్వు చేశావని తెలిసిన రోజే అనుకున్నా, రెండూ చేదే అయ్యుంటాయని."

"మరి అసలుదే పడిందని అంత సంబరంగా ఎందుకు చెప్పావురా?"

"నువ్వు భయపడుతున్నావు గదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. తరవాత ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ మోసం చేసిందాన్ని నేననుకున్నాను, పంచదార నీళ్ళు తాగి మొహం వంకరలు తిప్పినట్టు. వాడు నా ముందు కూర్చుని, ఏది పడిందో తెలియని చేదు రోజూ మింగుతూ, తియ్యగా ఉందన్నట్టు మొహం పెట్టాడు, నా కోసం. తొమ్మిదో రోజు నమ్మకంతో దాటలేదు వాడు. ఏమీ నమ్మకం లేకుండానే దాటాడు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను, పెద్ద డాక్టరు చూస్తున్నా సరే. సిగ్గు లేదని అన్నాను గదరా నిన్ను, ఆ మాట తప్పు అన్నాను. అవును, తప్పే, కంచం పగలగొట్టడం కూడా తప్పే అన్నాడు, లెక్క సరిపోయినట్టు.

ఉత్తరం వచ్చే వారం వస్తుంది. ఉత్తదని ఉంటే ఏం చేస్తావని అడిగాను. అలా అయితే ఇంకా మంచిది, అసలుది ఇంకా వేసుకోనే లేదన్నమాట అన్నాడు. లేచి సంచి భుజాన వేసుకుని, నాకూ చెయ్యి ఇచ్చాడు. లిఫ్టు దగ్గర నేను మెట్ల వైపు తిరిగితే, బేరింగు అరిగిందన్నాను గానీ పడిపోతుందనలేదు అని లోపలికి లాగాడు. తలుపులు మూసుకున్నాయి. దిగుతున్నంతసేపూ వాడు గోడకి అరచెయ్యి ఆనించి వింటూనే ఉన్నాడు.